అరవైమూడు ఓటములు

నూకరాజు పోయిన పద్దెనిమిదో రోజున అతని భార్య దాలమ్మ ఆసుపత్రికి వచ్చింది. గొడవ పెట్టుకోవడానికే వచ్చిందనుకుని గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ఇద్దరూ లేచి నిలబడ్డారు. చేతిలో ఎండురొయ్యల సంచీ చూసి మళ్లీ కూర్చున్నారు. ఆమె వెనక ఆడబిడ్డ రత్నాలు, ఇరవై రెండేళ్ల పిల్ల, నాలుగు మెట్లెక్కి రెండు నిమిషాలు ఆగుతూ వస్తోంది.

ఆ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లకు పెద్ద దిక్కు డాక్టర్ విశాలాక్షి. యాభై తొమ్మిదేళ్లు. విశాఖపట్నంలో ఆవిడ చేతికి గుండె అప్పగించని వీధి లేదని వార్డు ఆయాలు గొప్పగా చెబుతారు. ఆయాల మాట ఎప్పుడూ కొంత పొంగుతుంది గానీ మరీ అబద్ధం కాదు. తలుపు తోసుకుని వస్తున్న దాలమ్మను చూడగానే ఆవిడ చదువుతున్న రిపోర్టు మూసేసింది. తిడుతుందని భయపడింది. తిట్టినా బాగుండేదని ఆ తర్వాత చాలా రోజులు అనుకుంది.

"మా అత్త ఎండబెట్టిన రొయ్యలమ్మా. మీకిచ్చి రమ్మంది," అంది దాలమ్మ సంచీ బల్ల మీద పెట్టి. "మా ఆయన గుండి ఐదుసార్లు కుట్టారంట గదా. నర్సమ్మ సెప్పింది. ఒకపాలి కుదరకపోతే ఒగ్గీకండా మళ్లీ కుట్టారు, మళ్లీ కుట్టారు. మాలాటోళ్ల కోసరం ఎవులు సేత్తారమ్మా అంత? కొడుకు పోయిన కాడ్నుంచి మా అత్త మెతుకు ముట్టలేదు. ఈ మాట ఇన్నాకే కంచంలో సెయ్యెట్టింది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. ఇక్కడ దొంగ మాట ఎవరూ ఎత్తనే లేదు, ఎదురు రొయ్యలు తెచ్చిపెట్టారు. అయినా విశాలాక్షి లోపల్లోపల భుజాలు తడుముకుంటూనే కూర్చుంది.

"మా రత్నాలుకీ అదే జబ్బు," దాలమ్మ చెప్పుకుపోయింది. "అన్నకున్నట్టే సిన్నప్పుడు కీళ్ల జొరం. వొచ్చే నెల్లో ఆ మిషను సేత్తాదంట గదా, మొదటి పేరు రత్నాలుదేనని డైరెట్రు బాబు సెప్పారు. అలిసిపోదంట గదమ్మా ఆ మిషను. మనిషైతే ఇసుగొచ్చి ఒగ్గీస్తాడు."

రత్నాలు కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది. డాక్టరు వైపు చూసి కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూశాక విశాలాక్షికి ఆ గదిలో కూర్చోవడం కష్టమైపోయింది. రౌండ్సు ఉన్నాయని చెప్పి లేచిపోయింది. రౌండ్సు అంతకు గంట ముందే అయిపోయాయి.

ఆ మిషను పేరు శిష్యుడు. పేరు పెట్టింది థియేటర్ నర్సులు. ఛాతీని నిలువునా కోయకుండా, పక్కటెముకల మధ్య వేలు పట్టేంత కన్నాలు పెట్టి సన్నటి ఇనుప చేతులు లోపలికి పంపి గుండె వాల్వు బాగుచేసే రోబో విశాలాక్షికి కొత్త కాదు. గది మూలన ఒక బల్ల ముందు కూర్చుని ఆవిడ వేళ్లు కదిపితే, లోపల ఆ చేతులు అలాగే కదిలేవి. అలా పద్దెనిమిదేళ్లలో పదకొండు వందల ఆపరేషన్లు చేసింది. ప్రతి కదలికా రికార్డయింది. ఇంజనీరు నజీర్ ఆ రికార్డులన్నీ పోగేసి, వాటి నుంచి నేర్చుకునే బుర్ర ఒకటి తయారుచేశాడు. సూది ఏ కోణంలో దించాలి, దారం ఎంత బిగించాలి, ఎక్కడ నెమ్మదించాలి, అన్నీ ఆవిడ చేతి నుంచే. ఇక ఆవిడ వేళ్లతో పనిలేదు, శిష్యుడే కుడతాడు. ఆవిడ బల్ల ముందు కూర్చుని తెర చూస్తుంటుంది. కాలి కింద ఒక పెడలు ఉంటుంది. తొక్కితే శిష్యుడు ఉన్నచోటే ఆగిపోతాడు.

జిల్లా ఆసుపత్రుల్లో సర్జన్లు లేక, పట్నం దాకా రాలేక పోతున్న ప్రాణాలు ఎన్నో. అలాంటి ఐదు ఆసుపత్రుల్లో శిష్యుణ్ని పెట్టాలని తీర్మానమైంది. ముందు ఇక్కడ కొందరికి చేసి చూపించాలి, ఆ ఫలితాల మీద విశాలాక్షి సంతకం పెట్టాలి. ఆలోచన మంచిదే. మంచి ఆలోచన కాబట్టే అందులో ముల్లు ఎవరి కంటికీ ఆనలేదు.

ముల్లు ఎక్కడుందంటే, పాడైన వాల్వును బాగుచేయడంలో విశాలాక్షికి ఉన్న పేరులో ఉంది. చాలామంది సర్జన్లు పాత వాల్వు కోసేసి లోహపు వాల్వు పెట్టేస్తారు. అది గట్టిది. కానీ ఆ తర్వాత బతికినంత కాలం రక్తం పలచబడే మాత్ర మింగాలి, నెలనెలా పరీక్ష చేయించుకోవాలి. చేపలు కోసేవాళ్లకు, ఇనుము ఎత్తేవాళ్లకు చిన్న గాయమైనా నెత్తురు ఆగదు. కడుపుతో ఉన్న ఆడపిల్లకు మరీ కష్టం. అందుకని విశాలాక్షి దేవుడిచ్చిన వాల్వునే కుట్టి నిలబెట్టేది. మొదట్లో అది జాలి. పేరు వచ్చాక పట్టుదల అయింది. తర్వాత ఏమైందో ఆవిడే చెప్పలేదు.

పదకొండు వందల్లో అరవైమూడు మాత్రం కుట్టినా నిలవలేదు. అలాంటప్పుడు ఆవిడ సూది వదిలేసి, లేచి వెళ్లి చేతులు కడుక్కుని, ఛాతీ తెరిచి, తన చేత్తో లోహపు వాల్వు పెట్టేది. అరవైమూడు మందీ నడిచి ఇంటికి వెళ్లారు. ఆవిడ లేవగానే కెమెరా కట్టేయడం ఆ థియేటర్లో అలవాటు. ఎవరూ చెప్పిన నియమం కాదు. ఆ రికార్డులు సభల్లో చూపించడానికి తీసేవి, ఓడిన ఆట ఎవరు చూస్తారని నర్సులు వాళ్లంతట వాళ్లే కట్టేసేవారు. ఆవిడా వద్దనలేదు.

శిష్యుడికి పాఠాలు సిద్ధం చేస్తున్న రోజుల్లో నజీర్ అడిగాడు. "మేడమ్, ఈ అరవైమూడూ సగంలో ఆగిపోయాయి. ఉంచమంటారా, తీసేయమంటారా?"

విశాలాక్షి కాఫీ తాగుతోంది. "వాడికి నా ఓటములు నేర్పిస్తావా నజీర్? తీసెయ్."

"అవి ఓటములు కాదేమో మేడమ్..." అని నజీర్ అన్నాడు గానీ, అప్పటికే ఆవిడ ఫోను ఎత్తింది. అతను రెండోసారి అనలేదు. ఆ సాయంత్రం అరవైమూడు రికార్డులూ పాఠాల్లోంచి పోయాయి, కొన్నాళ్లకు చోటు చాలక అసలువే పోయాయి.

నూకరాజు శిష్యుడికి నలభై రెండో మనిషి. ముందు నలభై ఒక్కరూ హాయిగా ఇంటికి వెళ్లారు. నూకరాజుకు ముప్పై ఆరేళ్లు, చేపల రేవులో ఐసు దిమ్మలు పగలగొట్టి బోట్లకెత్తే పని. దిమ్మ ఎత్తితే ఊపిరందడం లేదని వచ్చాడు. థియేటర్లోకి తీసుకెళ్తుంటే, "నన్ను కోసేది మీరా మిషనా?" అని అడిగాడు. "మిషనే. కానీ దానికి నేర్పింది నేనే," అంది విశాలాక్షి. "అయితే మీరే," అని కళ్లు మూసుకున్నాడు.

గుండె ఆపారు. ఊపిరీ నెత్తురూ నడిపే యంత్రం దగ్గర సన్యాసిరావు కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన పని అదే. గుండె ఆగి ఎన్ని నిమిషాలైందో మధ్యమధ్య చెబుతుంటాడు. నూటఇరవై దాకా గుండె ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ప్రతి నిమిషం దానికి భారమే.

శిష్యుడు కుట్టాడు. నీళ్లు పోసి చూస్తే వాల్వు ఒకపక్క కారింది. చిన్ననాటి కీళ్ల జ్వరం వాల్వు రేకుల్ని ముడుచుకుపోయేలా చేసింది, కుట్టు పట్టే చోటు తక్కువ. శిష్యుడు కుట్లు విప్పి మళ్లీ మొదలెట్టాడు. రెండోసారి కారుడు కొంచెం తగ్గింది. "నూటపది మేడమ్," అన్నాడు సన్యాసిరావు.

మూడోసారి ఇంకొంచెం తగ్గింది. "నూటయాభై."

విశాలాక్షి కాలు పెడలు మీదే ఉంది. తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో ఆవిడకు బాగా తెలుసు, అదే ఆవిడను తర్వాత నిద్రపోనివ్వలేదు. తెర మీద కుడుతున్నది తన చెయ్యి. నలభై ఏళ్ల వయసప్పటి తన చెయ్యి. సూది దించేముందు రవ్వంత ఆగి, మణికట్టు ఎడమకు తిప్పి, ఒక్క ఊపున దారం లాగే ఆ పద్ధతి ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. ఆ చెయ్యి ఈసారి గెలుస్తుందనుకుంది. మరొక్కసారి అనుకుంది.

"నూటఎనభై మేడమ్." సన్యాసిరావు ఎప్పుడూ ఇంకో మాట కలపడు. ఆ రోజు కలిపాడు. "చానా సేపయింది మేడమ్."

ఐదోసారి కూడా సన్నగా కారింది. శిష్యుడు ఆరోసారికి సూది ఎత్తాడు. రెండువందల ఇరవై ఒకటో నిమిషాన విశాలాక్షి పెడలు తొక్కింది. ఛాతీ తెరిచి ముప్పై ఐదు నిమిషాల్లో లోహపు వాల్వు పెట్టింది. పని చక్కగా కుదిరింది, కానీ గుండె కోలుకోలేదు. మూడో రోజు పొద్దున్న నూకరాజు పోయాడు.

డైరెక్టరు నెమ్మదైన మనిషి, గొంతు పెంచి ఎరగడు. దాలమ్మ వచ్చి వెళ్లిన మర్నాడు ఫలితాల పత్రం తీసుకొచ్చి విశాలాక్షి ముందు పెట్టాడు. శిష్యుడు చేసినవి నలభై ఒకటి, బాగున్నవారు నలభై ఒక్కరు.

"నూకరాజేడి?" అంది.

"మధ్యలో డాక్టరు కలగజేసుకున్న కేసు శిష్యుడి కింద రాదు కదా. మీరు రాసిన నియమమే."

నిజమే, ఆవిడ రాసిందే. రాసినప్పుడు అది న్యాయంగానే కనిపించింది. డాక్టరు చేతిలోకి తీసుకున్నాక మంచైనా చెడైనా డాక్టరుదే కదా అనుకుంది. ఇప్పుడు చూస్తే శిష్యుడు చెడగొట్టినదంతా ఎవరో ఒకరు కలగజేసుకుని తన మీద వేసుకుంటారు, శిష్యుడి పత్రం ఎప్పటికీ తెల్లగానే ఉంటుంది. సంతకం సోమవారం పెడతానని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో ఆవిడ భర్త సోమశేఖరం వంకాయ ఎండురొయ్యల కూర వండాడు. పోర్టులో ఉద్యోగం మాని నాలుగేళ్లయింది, వంటిల్లు ఆయన రాజ్యం. "మంచి సరుకు విశాలా, ఎవరిచ్చారోగానీ," అంటూ వడ్డించాడు. "ఇసుక ఒక్క రేణువు లేదు. మార్కెట్లో కొన్నవైతే మూడు నీళ్లు కడగాలి."

ఆవిడ ముద్ద కలిపి అలాగే ఉండిపోయింది. ఆయన హాస్యానికి, "థియేటర్లో అందరూ నీ మాటకు వణుకుతారు, ఇక్కడ నా కూరకు నువ్వు వణుకుతున్నావేమిటి?" అన్నాడు. ఆవిడ ఏడ్చేసింది. ముప్పై మూడేళ్ల కాపురంలో అన్నం ముందు ఆవిడ ఏడవడం ఆయన చూడలేదు. అంతా చెప్పింది, రొయ్యలు ఎవరివో కూడా.

"మరి నువ్వెందుకు ఆపలేదు?"

"అందంగా కుట్టాడు."

సోమశేఖరం గరిటె కూరగిన్నెలో పెట్టేశాడు. ఆయన భార్యను ఓదార్చడానికి పుట్టిన మనిషి, ఆ పూట మాత్రం ఓదార్పు నోటికి రాలేదు. చివరికి, "వాళ్లకు చెబితే ఆ పిల్లను మళ్లీ మీ గడప తొక్కనిస్తారా?" అన్నాడు.

అదే ఆవిడ భయం కూడా. రత్నాలు గుండె ఆర్నెల్లకు మించి నిలవదు. నిజం చెబితే ఆ తల్లి ఆపరేషన్ మాటే వద్దంటుందేమో, పిల్ల ఇంట్లోనే ఆయాసపడి పోతుందేమో. చెప్పకపోతే ఐదు జిల్లాల్లో ఐదుగురు శిష్యులు ఆరోసారికి సూదులెత్తుతారు. ఏది ఎంచుకున్నా ఎవరిదో ప్రాణం మధ్యలో ఉంది. నోరు విప్పకుండా ఉండడానికి తాను వెతుక్కుంటున్న సాకు ఇదేనేమోనన్న అనుమానం కూడా ఆవిడకు లేకపోలేదు.

ముందు, శిష్యుడికి ఆపడం రాదన్న తన అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలనుకుంది. ఆదివారం మధ్యాహ్నం నజీర్‌ను పిలిపించింది. ప్రయోగశాలలో సాధనకు వాడే రబ్బరు గుండె ఉంటుంది. దాని వాల్వు రేకును విశాలాక్షి తన చేత్తో కత్తిరించింది, ఏ కుట్టూ నిలవనంత పొట్టిగా. ఎంత గొప్ప సర్జనైనా దాన్ని చూసి, ఇది మార్చాల్సిందే అంటాడు. శిష్యుడి ముందు పెట్టి, ఆపకుండా చూద్దామంది.

శిష్యుడు కుట్టాడు, నీళ్లు పోశాడు, విప్పాడు, కుట్టాడు. తొమ్మిదోసారికి నజీర్ కుర్చీలోంచి లేచాడు. పదిహేనోసారికి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇరవై నాలుగోసారికి ఆ రబ్బరులో సూది దిగే చోటు మిగల్లేదు, అంతా చిల్లులే. శిష్యుడు తొందరపడలేదు, తడబడలేదు. చోటు కోసం నిదానంగా, శ్రద్ధగా వెతుకుతున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషికైనా కాసేపటికి ఆకలేస్తుంది, చెయ్యి నొప్పెడుతుంది. వాడికి ఆ బాధలు లేవు. నజీర్ వెళ్లి కరెంటు తీసేశాడు.

"నేను రెండోసారి అడగాల్సింది మేడమ్," అన్నాడు.

"అడిగినా కసురుకునేదాన్ని," అంది విశాలాక్షి. "నీ తప్పు కాదని అనడం లేదు. నాది పెద్దదంటున్నాను."

"ఇప్పుడు నేర్పుదామన్నా ఏముంది మేడమ్? ఆ అరవైమూడూ లేవు. ఉన్నా, మీరు లేచాక ఏం చేశారో కెమెరా చూడనే లేదు."

గెలిచినవే చూపించి పెంచిన పిల్లవాడు ఇలాగే తయారవుతాడని ఆవిడకు తట్టింది. ఆపడం కూడా ఒక పనేనని, అరవైమూడు ప్రాణాలు ఆ పని వల్లే నిలిచాయని ఇన్నాళ్లూ తనకే తెలియలేదు.

సోమవారం డైరెక్టరు గదిలో ఆ పత్రం మీద నలభై రెండో వరుస తన చేత్తో రాసింది. నూకరాజు, మరణం, కారణం శిష్యుడి పాఠాల నుంచి నేను తీయించిన అరవైమూడు కేసులు. కింద సంతకం పెట్టింది.

డైరెక్టరు రెండుసార్లు చదివాడు. "ఇది పంపితే ఐదు జిల్లాల్లో మిషన్లు ఆగిపోతాయి. అక్కడ సర్జనుండడు. ఏటా ఎంతమంది పోతున్నారో మీకు తెలీదా?"

"తెలుసు."

"ఆ కుటుంబానికి కూడా చెబుతారా? చెబితే పిల్లను పంపరు. అప్పుడు రెండో చావు కూడా మీ తల మీదే పడుతుంది."

"పడుతుందేమో," అంది విశాలాక్షి. ఆయన మాటలో అబద్ధం లేదు. మెట్లు దిగి నేరుగా రేవు వైపు బయలుదేరింది.

రేవు పక్క సందులో రెండు గదుల ఇల్లు. వాకిట్లో పాత వల పరిచి నూకరాజు తల్లి ఎర్రమ్మ రొయ్యలు ఆరబోస్తోంది. దాలమ్మ పరుగున కుర్చీ తెచ్చింది. విశాలాక్షి కుర్చీలో కూర్చోలేకపోయింది, అరుగు మీద కూర్చుంది. రత్నాలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నువ్వేనా తల్లీ, నా కొడుకు గుండి ఐదుసార్లు కుట్టినావిడివి?" ఎర్రమ్మ చేతులు చీరకు తుడుచుకుని దగ్గరికి వచ్చి, డాక్టరు కుడిచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకోబోయింది.

విశాలాక్షి చెయ్యి లాక్కుంది. "వద్దమ్మా. ముందు నా మాట వినండి." దారిలో ఎన్నో మాటలు పేర్చుకుంది, ఒక్కటీ గుర్తుకు రాలేదు. "ఆ ఐదుసార్లే మీ అబ్బాయిని చంపాయి. ఒకసారి కుట్టి కుదరకపోతే ఆపేసి, వాల్వు మార్చాలి. అలా మార్చిన అరవైమూడు మంది బతికారు. మిషనుకి ఆపడం రాదు. రాకుండా చేసింది నేను. నేను ఓడిపోయినవి దానికి చూపించొద్దని చెప్పాను. ఆ రోజు నా కాలి కిందే ఉంది దాన్నాపే పెడలు. నేను చూస్తూ కూర్చున్నాను."

దాలమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఊరంతా సెప్పుకున్నానమ్మా నాను," అంది మెల్లగా. "నా పిల్లలకి సెప్పాను. మీ నాన్నని ఒగ్గీనేదు, ఐదుసార్లు సూసారు అని సెప్పాను. ఇప్పుడు ఆళ్లకేటి సెప్పమంటారు?" జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్లిపోయింది. లోపల ఏదో గిన్నె దొర్లిన చప్పుడు వినిపించింది.

ఎర్రమ్మ మాత్రం కదల్లేదు. "ఒకపాలితో ఆపీసుంటే ఆడు ఇంటికొచ్చీవోడా?"

"వచ్చేవాడమ్మా."

"మరి సూత్తూ ఎందుకు కూకున్నావు?"

అబద్ధం చెప్పే అవకాశం ఆవిడకు అప్పటికీ ఉంది. గుండె సంగతులు నాలుగు కలిపి చెబితే ఆ ముసలమ్మ తలూపి ఊరుకునేది. "నాలాగే కుడుతుంటే ముచ్చటేసింది," అంది విశాలాక్షి.

"ముచ్చటేసింది," అని ఎర్రమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది. వల మీద వాలిన కాకిని తోలింది. చాలాసేపు రొయ్యల్ని అటూ ఇటూ కదుపుతూ ఉండిపోయింది. విశాలాక్షి సంచీలోంచి కాగితం తీసింది.

"రత్నాలుకి ఆపరేషను మానకండమ్మా. నా మీద కోపంతో మానకండి. హైదరాబాదులో నమ్మకమైన సర్జనున్నారు, ఆయనకి రాశాను. మిషను వద్దు, చేత్తోనే చేస్తారు. కుట్టితే కుదరొచ్చు. కుదరకపోతే లోహపు వాల్వు పెడతారు. అప్పుడు జీవితాంతం మాత్రలు, రేపు బిడ్డను కనడం కష్టమవుతుంది. అయినా మానకండి."

"నాను ముందల బతకాల గదా," అంది రత్నాలు. ఆ పిల్ల అంతవరకూ నోరెత్తలేదు. "మాత్తర్లు మింగుతాను."

ఎర్రమ్మ కూతురి వైపు చూసింది, కాగితం వైపు చూసింది. అందుకోలేదు.

"ఆ కాయితం నీ కాడే ఉంచు. ఆయనెవులో నాకు తెల్దు. ఆయనకి దేన్ని సూత్తే ముచ్చటేత్తాదో అసలే తెల్దు. నీది తెలిసిపోనాది." ఆవిడ గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "నువ్వే సెయ్యి. నిన్ను ఒగ్గీసాననుకోకు, నా కొడుకు మాట నా గుండెల్లోంచి పోదు. నానొచ్చి ఆ గది గుమ్మం కాడ కూకుంటాను. ఒకపాలి కుట్టు. కుదిరితే మంచిది, నేకపోతే మార్చీ. రెండోపాలి కుట్టాలని నీకు మనసైతే బయటికొచ్చి నన్నడుగు."

"అలాగేనమ్మా," అంది విశాలాక్షి.

తర్వాతి గురువారం పొద్దున్నే రత్నాలును థియేటర్లోకి తీసుకెళ్లారు. శిష్యుణ్ని గోడ పక్కకు నెట్టేశారు. నలభై రెండో వరుస పైకి వెళ్లాక జిల్లాల తీర్మానం ఆగిపోయింది, డైరెక్టరు విశాలాక్షితో మాట్లాడడం మానేశాడు. నజీర్ మాత్రం వచ్చి, కుట్టు కుదరకపోయినా, వాల్వు మార్చాల్సి వచ్చినా, చివరి కుట్టు దాకా కెమెరా కట్టేయొద్దని నర్సులకు చెప్పి, దాని పక్కనే నిలబడ్డాడు. గుమ్మం బయట నేల మీద ఎర్రమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. బెంచీ ఉందని వార్డు ఆయా చెబితే, ఇక్కడే బాగుందంది.

విశాలాక్షి ఛాతీ తెరిచి తన చేత్తోనే వాల్వు కుట్టింది. చెయ్యి నలభై ఏళ్లప్పటిలా లేదు, రెండుచోట్ల సూది మళ్లీ దించాల్సి వచ్చింది. నీళ్లు పోసి చూసింది. ఒక అంచున సన్నగా, దారప్పోగంత కారింది.

"అరవై రెండు మేడమ్," అన్నాడు సన్యాసిరావు. కావలసినంత సమయముంది. కారేది ఎక్కడో, ఇంకో రెండు కుట్లు ఎక్కడ వేస్తే ఆగుతుందో ఆవిడకు స్పష్టంగా కనబడుతోంది. పదింట ఎనిమిది పాళ్లు ఆగుతుంది. ఆగితే ఆ పిల్లకు మాత్రలుండవు, రేపు బిడ్డల్ని ఎత్తుకుంటుంది. వేళ్లు సూది వైపు లాగుతున్నాయి. ఇది జాలో, పాత ముచ్చటో ఆవిడకే తెలియలేదు. అడిగితే చెప్పేవాళ్లు గుమ్మం అవతలే ఉన్నారు, పన్నెండు అడుగుల దూరం.

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసింది. వెళ్లి ఆ ముసలమ్మను అడిగే మొహం ఆవిడకు లేదు.

"లోహపు వాల్వు ఇవ్వు," అని నర్సు ముందు చెయ్యి చాపింది.